1958 నాటి కైరో ప్రేక్షకుడికి టికెట్ డబ్బులు వాపస్ ఇప్పించాలి

1958లో కైరోలో ఒక ఘోరమైన వినియోగదారుల మోసం జరిగింది, ఇప్పటిదాకా ఒక్కడు కూడా కేసు వెయ్యలేదు, పైగా ప్రపంచమంతా దానికి క్లాసిక్ అని పేరు పెట్టి ఫెస్టివల్స్‌లో తిప్పుతున్నారు. సినిమా పేరు ‘బాబ్ అల్ హదీద్’, అంటే ఇనుప గేటు, బయట దేశాల వాళ్ళకి ‘కైరో స్టేషన్’. డైరెక్టర్ యూసఫ్ షాహీన్. నేను ఇవాళ బాధితుల తరఫున వాదిస్తున్నాను, ఫీజు లేదు.

ముందు కేసు పూర్వాపరాలు. సినిమాలో ఫైట్ల హీరో ఫరీద్ షౌకీ ఉన్నాడు. ఆయన బిరుదు ‘మలిక్ అల్ తెర్సో’. తెర్సో అంటే అక్కడ చవక రకం థర్డ్ క్లాస్ సీట్లు, అంటే మన లెక్కలో నేల టికెట్ మహారాజన్నమాట. పక్కన హింద్ రుస్తుం, అరబ్బుల మార్లిన్ మన్రో అని పేరు. ఇక షాహీన్ సంగతి, అంతకు ముందు ఏడాదే ఫరీద్ అల్ అత్రష్, షాదియాలతో ‘ఇంత హబీబీ’ అని పాటల సినిమా తీశాడు, అందులోనూ హింద్ రుస్తుం ఉంది. మరి నేల టికెట్ వాడు ఇవన్నీ చూసి ఏమనుకుంటాడండీ? నాలుగు ఫైట్లు, ఐదు పాటలు, చివర్లో పెళ్ళి అనుకుంటాడు. అనుకోవడం వాడి తప్పా?

తీరా లోపలికెళ్తే తెర మీద ఒక కుంటి పేపర్ల కుర్రాడు. పేరు కినావి. రైల్వే స్టేషన్లో మూలనున్న రేకుల షెడ్డులో ఉంటాడు, గోడ నిండా పత్రికల్లోంచి కత్తిరించిన ఆడవాళ్ళ బొమ్మలు. ఆ వేషం వేసింది ఎవరో కాదు, డైరెక్టరే. నేల టికెట్ మహారాజు ఏం చేస్తున్నాడంటారా, కూలీలందర్నీ పోగేసి యూనియన్ పెడదాం రండి అని బతిమాలుతున్నాడు. గుద్దులు చూద్దామని డబ్బులిచ్చి వచ్చినవాడికి యూనియన్ మీటింగ్ చూపించడం ఏ చట్టం కింద నేరమో నాకు తెలీదు గానీ నేరమే.

సరే, పాట సంగతికొద్దాం, నా కేసంతా దాని మీదే ఉంది. హింద్ రుస్తుం వేషం పేరు హనూమ (పేరు చూసి జై కొట్టకండి, మనాయన కాదు). లైసెన్సు లేకుండా బకెట్లో కూల్ డ్రింకులు పెట్టుకుని రైళ్ళెక్కి అమ్ముతుంది, పోలీసొస్తే పరుగు. ఒక పెట్టెలో స్కైరాకెట్స్ అని రాక్ అండ్ రోల్ బ్యాండ్ వాయిస్తుంటే ఈవిడ ఎక్కి బాటిళ్ళు అందిస్తూ డాన్స్ మొదలెడుతుంది. తోట లేదు, డ్రెస్ మారదు, వెనక ఇరవై మంది గ్రూప్ డాన్సర్లు లేరు, ఉన్నదల్లా రైలు పెట్టె. అయినా చూస్తే కాళ్ళు ఆగవు, ఆ మాట బాధితుల వకీలుగా నేను ఒప్పుకోకూడదు గానీ ఒప్పుకుంటున్నాను. కానీ కెమెరా ఏం చేస్తుందంటే మధ్యలో కిటికీ బయటికెళ్ళి కినావిని చూపిస్తుంది, వాడు మొహం వెలిగిపోతూ అక్కడ నిలబడి చూస్తుంటాడు. అంటే మనం చూస్తున్నదే వాడూ చూస్తున్నాడు. ఇదేం మర్యాద? పాట చూసేటప్పుడు ప్రేక్షకుణ్ణి చీకట్లో వదిలెయ్యాలి కదా, టార్చి వేసి చూపిస్తారా ఎవరైనా? పైగా పాట వేడి తగ్గకముందే హీరోగారు, అదే మన నేల టికెట్ మహారాజు, వచ్చి ఆ పిల్లని ఈడ్చుకుపోయి కొడతాడు. ఈల వేసినవాడి నోరు సగంలో ఆగిపోవాలి.

క్రైమ్ అన్నారు, అదైనా సరిగ్గా ఉందా. గోడ మీది బొమ్మ చేతికి కినావి పెన్సిలుతో ఒక బకెట్ గీస్తాడు. అంతే, ఆ ఒక్క గీతతో వీడు హనూమ కోసమే చస్తున్నాడని తెలిసిపోయింది, ఇంక సస్పెన్స్ ఎక్కడ? తర్వాత పేపర్లో పడ్డ ట్రంకు పెట్టెలో శవం వార్త విని కత్తి కొనుక్కొస్తాడు, చీకట్లో వేరే అమ్మాయిని పొడుస్తాడు. కనీసం సరైన మనిషిని పొడవడం కూడా రాని విలన్‌కి టికెట్టా?

అవతలి పక్షం వకీలు మహా తెలివైనవాడు, ‘చివర్లో పెళ్ళి ఉంది కదా’ అంటాడు. ఉంది. పట్టాల మీద హనూమ మెడకి కత్తి పెట్టిన కినావి దగ్గరికి పేపర్ల కొట్టు ముసలాయన మద్బూలి మెల్లగా వచ్చి, నాయనా నీకు పెళ్ళి, ఇదిగో పెళ్ళిబట్టలు తొడుక్కో అని పిచ్చాసుపత్రి వాళ్ళ కట్టుడు చొక్కా తొడిగిస్తాడు. ఇలాంటి పెళ్ళి చూసి ఏ థియేటర్లో అక్షింతలు వేస్తారండీ.

జనం ఊరుకోలేదు. ఒకాయన ఈజిప్టు పరువు తీశావని మొహాన ఉమ్మాడని షాహీనే తర్వాత చెప్పుకున్నాడు. ఉమ్మడం తప్పు, టికెట్ ముక్క చూపించి డబ్బులడగాల్సింది. ఆ పరువు తీసిన సినిమానే ఈజిప్టు తన మొట్టమొదటి ఆస్కార్ ఎంట్రీగా పంపించింది, అదేం లెక్కో.

ఈ కేసు కోసం ఆ రైలు పాట నేను మళ్ళీ మళ్ళీ చూడాల్సొచ్చింది, సాక్ష్యం కదా. నాలుగోసారి వెనక్కి తిప్పుతుంటే మా ఆవిడ కాఫీ పట్టుకొచ్చి వెనక నిలబడింది.

“ఏమండీ, మళ్ళీ అదే రైలా?”

“రీసెర్చ్” అన్నాను.

స్క్రీన్ మీద కిటికీ దగ్గర నిలబడ్డవాణ్ణి చూపించి, “మరి ఆయనదీ రీసెర్చేనా?” అని కప్పు పెట్టి వెళ్ళిపోయింది.