పెద్దనాన్న లెక్క పేపర్లో వేశారు, కంపెనీ లెక్క మాత్రం రహస్యమట

సమాచార హక్కు కింద అడిగి తెచ్చుకున్న లీజు ఒప్పందంలో 62వ పేజీ తర్వాత 79వ పేజీ వచ్చింది. జిరాక్స్ షాపులో జారిపోయాయేమో అనుకుని కట్ట మొత్తం హాల్లో నేల మీద పరిచి మళ్లీ లెక్కపెట్టాను. పదహారు పేజీలు లేవు. వాటి బదులు పిన్ను కొట్టిన ఓ అరకాగితం ఉంది: అనుబంధాలు మూడో పక్షం వాణిజ్య సమాచారం కాబట్టి, సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(డి) ప్రకారం ఇవ్వడం కుదరదట. కింద సంతకం, దాని కింద స్టాంపు, స్టాంపు సగం పడలేదు.

కథ చిన్నదే. మా పెద్దనాన్న భూమి మూడెకరాల చిల్లర విమానాశ్రయం కోసం పోయింది. ప్రభుత్వం దాన్ని తీసుకుని విమానాశ్రయం కంపెనీకి లీజుకిచ్చింది. ఏ ఊరు, ఏ ఆఫీసు అన్నది రాయను, అప్పీలు ఇంకా నడుస్తోంది. ఆయనేమీ ఎయిర్‌పోర్టుకి వ్యతిరేకి కాదు. ఊళ్లో ధర్నాలు జరిగిన రోజుల్లో కూడా "రానీయండ్రా, పిల్లలకి నాలుగు ఉద్యోగాలొస్తాయి" అన్న మనిషి. డబ్బు చేతికొచ్చాక ఓ రోజు భోజనం చేస్తూ నన్ను ఒక్కటే అడిగాడు: "మన దగ్గర ఎకరం ఇంతకి తీసుకున్నారు, బాగానే ఉంది. మరి వాళ్లకి ఎంతకిచ్చార్రా?"

నేను వేసిన దరఖాస్తు మొత్తం ఆ ఒక్క ప్రశ్నే. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి, కాస్త ఆఫీసు భాషలోకి మార్చి పంపాను. భూమి లీజు ఒప్పందం, దాని అనుబంధాలు, నిర్ణయం తీసుకున్న నోట్ ఫైలు కావాలన్నాను. నోట్ ఫైలు సంగతి ఎత్తనే లేదు. ఒప్పందం ఇచ్చారు, అందులో లీజు అద్దె దగ్గర "అనుబంధంలో చూపిన విధంగా" అని ఉంది. ఆ అనుబంధమే లేదు! అరిసె పెట్టకుండా అరిసె చేసే విధానం చేతిలో పెట్టినట్టుంది.

ఇప్పుడు అసలు నాకు మండిన చోటుకి వస్తాను. భూసేకరణ నోటిఫికేషన్‌లో మా పెద్దనాన్న పేరు ఉంది, తాతయ్య పేరు ఉంది, సర్వే నంబరు, సబ్ డివిజన్, విస్తీర్ణం సెంట్లతో సహా ఉంది. పేపర్లో వేశారు, పంచాయతీ ఆఫీసు గోడకి అంటించారు. పరిహారం ఖరారు చేసే ఆర్డరు, అదే అవార్డులో, ఏడు తాటిచెట్లు, ఒక బోరు, దానికెంత, దీనికెంత అని విడివిడిగా రాశారు. ఆయన అకౌంట్లో డబ్బు పడకముందే ఎంత పడబోతోందో ఊరందరికీ తెలుసు. చిట్టీల వాళ్లు, ఇన్సూరెన్స్ ఏజెంట్లు, ఎప్పుడో తప్పిపోయిన చుట్టాలు అందరూ వచ్చి మరీ చెప్పి వెళ్లారు. అదే భూమి గేటు దాటి కంపెనీ చేతికి వెళ్లగానే వాణిజ్య రహస్యం అయిపోయింది. రైతు లెక్కకి లేని గోప్యత కంపెనీ లెక్కకి ఎక్కడి నుంచి వచ్చింది?

సెక్షన్ 8(1)(డి) చదివాను. వెల్లడిస్తే మూడో పక్షానికి పోటీలో దెబ్బ తగిలేటట్టుంటే ఇవ్వక్కర్లేదంటుంది. అప్పుడు కూడా, విస్తృత ప్రజా ప్రయోజనం ఉందని అధికారికి అనిపిస్తే ఇవ్వవచ్చంటుంది. సరే, బిడ్లు తెరవకముందు ఎవరెంత కోట్ చేశారో దాచాలి, ఒప్పుకుంటా. భద్రతా సిబ్బంది ఎక్కడ నిలబడతారు, కెమెరాలు ఎక్కడున్నాయి అన్నవి నాకు చచ్చినా వద్దు. కానీ బిడ్ అయిపోయి, సంతకాలయిపోయి, రన్‌వే కూడా వేశాక ఇక పోటీ ఎవరితో? ఎదురు దుకాణం పెట్టే విమానాశ్రయం ఎక్కడుంది?

ఎక్కడా ఉండకుండా ఒప్పందంలోనే రాసుకుంటారు కూడా. శంషాబాద్ సంగతే చూడండి. విమానాశ్రయం కట్టి నడుపుకునే హక్కు కంపెనీకిస్తూ కేంద్రం 2004లో చేసుకున్న కన్సెషన్ ఒప్పందంలో, విమానాశ్రయం మొదలైన 25 ఏళ్ల దాకా 150 కిలోమీటర్ల ఆకాశదూరంలో ఇంకో అంతర్జాతీయ విమానాశ్రయం రాకూడదనే షరతు ఉంది. 2008 మార్చిలో మొదలైంది కాబట్టి లెక్క 2033 దాకా. వరంగల్ వాళ్లని అడగండి ఆ ఒక్క క్లాజు విలువెంతో. నిజాం కాలం నాటి మామునూరు రన్‌వే గడ్డి పట్టి పడుంటే, ప్రతి ఎన్నికలకీ నాయకులొచ్చి "విమానం తెస్తాం" అనేవారు. దారికి అడ్డంగా ఉన్నది ఈ షరతు. చివరికి శంషాబాద్ విమానాశ్రయం నడిపే కంపెనీ అభ్యంతరం లేదన్నాకే 2025 ఫిబ్రవరిలో కేంద్రం సరే అంది. ఒక జిల్లా జనం భవిష్యత్తు ఒక క్లాజులో ఇరుక్కుని ఉంటే, ఆ కాగితం కంపెనీదీ ప్రభుత్వానిదీ మాత్రమే ఎలా అవుతుంది?

న్యాయంగా చెప్పాలంటే శంషాబాద్ మూల ఒప్పందం విమానయాన శాఖ వెబ్‌సైట్‌లో పెట్టారు, కాబట్టే ఈ మాట ధైర్యంగా రాయగలుగుతున్నాను. రాష్ట్రం దాదాపు 5,500 ఎకరాలు లీజుకిచ్చిందని, 315 కోట్లు వడ్డీ లేని అప్పుగా, 107 కోట్లు గ్రాంటుగా ఇచ్చిందని కూడా బయటికి తెలిసిన విషయమే. ఎలా తెలుసంటారా? విమానాశ్రయాల ఛార్జీలు నిర్ణయించే ‘ఏరా’ (AERA) అనే నియంత్రణ సంస్థ ఆర్డర్లలో రాయక తప్పదు. విదేశాల్లో డాలర్ బాండ్లు అమ్మేటప్పుడు ఇన్వెస్టర్ల ముందు ఇవన్నీ పరవక తప్పదు. సింగపూర్‌లో బాండు కొనేవాడికి చెప్పగా లేనిది భూమిచ్చిన ఊరివాడు అడిగితే పోటీలో దెబ్బ తగులుతుందా? మా ఊళ్లో రెండో ఎయిర్‌పోర్టు పెట్టే స్థోమత మా పెద్దనాన్నకి లేదని నేను బాండు పేపరు మీద రాసిస్తాను.

ఢిల్లీ విమానాశ్రయం ఒప్పందం 2006లో కుదిరింది. దాని మీద ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే కాగ్ నివేదిక పార్లమెంటు ముందుకొచ్చింది 2012లో. లీజు అద్దె ఏడాదికి 100 రూపాయలని, వ్యాపారానికి వాడుకోవడానికిచ్చిన దాదాపు 240 ఎకరాల మీద 58 ఏళ్లలో 1,63,557 కోట్లు రాబట్టుకునే వీలుందని అందులో రాశారు. ఆ లెక్క సరికాదని కంపెనీ, మంత్రిత్వ శాఖ రెండూ అన్నాయి. కావచ్చు. ఎవరి లెక్క ఒప్పో నాలాంటివాడు తేల్చలేడు. నా గోలంతా ఆ వాదన ఆరేళ్లు ఆలస్యంగా మొదలైందనే. సంతకం పెట్టిన రోజే కాగితాలు జనం ముందుంటే, అప్పుడే కొట్టుకుని తేల్చుకునేవాళ్లం కదా.

కొచ్చిన్ విమానాశ్రయానిది ఇంకో రకం. ఆ కంపెనీ బోర్డుకి కేరళ ముఖ్యమంత్రే ఛైర్మన్, ఎండీ ఐఏఎస్ అధికారి, దాదాపు మూడో వంతు వాటా రాష్ట్రానిది. అయినా మాకు ఆర్టీఐ వర్తించదంది. వర్తిస్తుందని 2019లో రాష్ట్ర సమాచార కమిషన్ చెప్పింది. కోర్టుకెళ్లారు. 2022లో హైకోర్టు సింగిల్ జడ్జి అదే మాటన్నారు. మళ్లీ అప్పీలు. 2025లో డివిజన్ బెంచ్ కూడా అదే అంది. ముఖ్యమంత్రి కుర్చీ వేసుకుని కూర్చునే మీటింగుల మినిట్స్ కోసం ఆరేళ్లు! ఇంత దూరం లాయర్ని పెట్టుకుని నడిచే ఓపిక, డబ్బు ఎంతమందికుంటాయి?

నా మొదటి అప్పీలు హియరింగ్ పదిహేను నిమిషాల్లో అయిపోయింది. అధికారి మంచాయనే, టీ తెప్పించారు. "మీకెందుకు సార్ ఇవన్నీ? పరిహారంలో ఏమైనా తేడా వస్తే చెప్పండి, చూద్దాం" అన్నారు. తేడా ఏమీ లేదండీ, చూడాలని అంతే అన్నాను. ఆయన ముఖంలో నిజమైన ఆశ్చర్యం కనబడింది. గొడవేమీ లేకుండా, ఊరికే తెలుసుకోవడానికి వచ్చేవాడు ఆయనకి కొత్త. కంపెనీ అభ్యంతరం చెప్పిందని ఓ లెటర్ చూపించారు. సెక్షన్ 11 కింద వాళ్లని అడగాలి నిజమే, కానీ వాళ్లు వద్దన్నంత మాత్రాన ఆగిపోవాలని లేదు సార్, నిర్ణయం మీదే అన్నాను. "అదీ నిజమేననుకోండి" అని టీ తాగారు. పది రోజులకి ఆర్డరొచ్చింది. మళ్లీ అదే అరకాగితం, ఈసారి స్టాంపు పూర్తిగా పడింది.

రెండో అప్పీలు కమిషన్‌కి వెళ్లాలి. కమిషన్ల సంగతి తెలిసిందే. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా రెండేళ్లకు పైగా ఒక్క కమిషనరూ లేడు. ఆంధ్రాలో 2021 నుంచి మూడేళ్లు జీవోల్ని ఆన్‌లైన్‌లోంచే తీసేశారు. పార్టీలు వేరు, జెండాలు వేరు, ఈ ఒక్క విషయంలో మాత్రం అందరూ ఒకే కంచంలో తింటారు. దీనికి తోడు డేటా రక్షణ చట్టం వచ్చి వ్యక్తిగత సమాచారమనే మినహాయింపుని ఇంకా వెడల్పు చేసింది. రేపు ఫైలు మీద సంతకం చేసిన అధికారి పేరడిగినా అది ఆయన వ్యక్తిగతం అంటారేమోనని నా టెన్షన్.

పెద్దనాన్నకి ఇదంతా పూర్తిగా చెప్పలేదు. పోస్టల్ ఆర్డర్ రసీదు, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులు ఆయనే తీసుకుని, పాత పాసుపుస్తకంతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు. ఆ పుస్తకంలో ఇప్పుడు భూమి లేదు, అయినా పారెయ్యడు. పోయిన ఆదివారం ఫోన్ చేస్తే వెనకాల విమానం చప్పుడు. అది తగ్గేదాకా ఆగి అడిగాడు, "ఏరా, ఆ పదహారు కాగితాలు వచ్చాయా?"

ఇంకా లేదు పెద్దనాన్నా అన్నాను.