మా అత్తగారి జుట్టు గురించి అడిగినవాళ్ళందరికీ

పొద్దున పదకొండింటికి మా ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫోటో పడింది. మా ఆయన పిన్నిగారి కూతురూ అల్లుడూ నిన్న సాయంత్రం వచ్చారులెండి. "విజయవాడలో పనుంది, పెద్దమ్మని కూడా చూసి పోదామని" అన్నారు. ముందు ఫోన్ లేదు, ఏమీ లేదు. మంచానికి అటొకరు ఇటొకరు నిలబడి సెల్ఫీ దిగారు. దాని కింద "పెద్దమ్మ ఆశీస్సులు తీసుకున్నాం" అని రాసి, దండాలు పెట్టే బొమ్మలు ఆరు. ఫోటోలో పెద్దమ్మ, అంటే మా అత్తగారు, నైటీలో ఉంది. నోటి పక్కన రాగిజావ మరక. మంచం కోడుకి వేలాడే యూరిన్ బ్యాగ్ కూడా చక్కగా, ఫోకస్‌లో పడింది. ఆవిడ ఆశీస్సులు ఏ చేత్తో ఇచ్చిందో నాకు తెలీదు. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయి పద్నాలుగు నెలలైంది.

పోనీ, దానికీ ఊరుకున్నాను. పన్నెండు కాకుండానే డల్లాస్ నుంచి మా ఆడపడుచు మెసేజ్. అక్కడ అర్ధరాత్రి దాటింది, పాపం నిద్ర పట్టలేదట. "అమ్మ జుట్టు ఎవరు కత్తిరించారు? నన్నొక్క మాట అడగాలనిపించలేదా వదినా?"

ఇంక చూస్కోండి. "అయ్యో, ఎంత జడ ఉండేది అత్తయ్యకి!" అని ఒకరు. "బాగా చిక్కిపోయారు, తినడానికి సరిగ్గా పెడుతున్నారా?" అని ఒకరు. "ఈ కాలంలో కూడానా" అని ఇంకొకావిడ. ఈ కాలంలో కూడానా అంటే ఏంటండీ? మామగారు పోయిన ఆరేళ్ళకి గుర్తొచ్చి నేను ఆవిడకి శిరోముండనం చేయించాననా?

జుట్టు సంగతి చెప్తాను, వినండి. నడుం దాటిన జుట్టు ఆవిడది. డెబ్భై ఎనిమిదేళ్ళకి కూడా సవరం పెట్టుకోవాల్సిన అవసరం రాలేదు, ఆ మాట ఆవిడే పదిమందికీ చెప్పుకునేది. నాకు పెళ్ళైన కొత్తలో నా జడ పట్టుకుని చూసి "ఇంతేనా" అన్న మనిషి. అలాంటి జుట్టు, రోజుకి ఇరవై నాలుగు గంటలూ దిండు మీద రాసుకుంటూ ఉంటే ఏమవుతుంది? చెమటకి తడిసి, ఉండలు కట్టి, తల వెనక అట్ట కట్టేసింది. దువ్వాలంటే నలభై నిమిషాలు. నేను ఒక చేత్తో తల ఎత్తి పట్టుకోవాలి, ఆయా చిక్కు తియ్యాలి. ఆవిడకి మాట పోయింది, "అదే" అన్న ఒక్క మాట మిగిలింది. ఆకలేసినా "అదే", నొప్పెట్టినా "అదే". దువ్వెన తగలగానే "అదే అదే అదే" అని ఏడ్చేది. ఒకరోజు చిక్కు విడదీస్తుంటే కింద చర్మం మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ కనపడింది. వేలితో నొక్కితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి. తెల్లబడలేదు. అంటే పుండు మొదలవుతున్నట్టు. ఈ మాత్రం వైద్యం నాకు ఎవరూ నేర్పలేదు, నడుం కింద ఒకసారి పుండు పడి, మానడానికి మూడు నెలలు పట్టాక వచ్చింది.

వీధి చివర బ్యూటీ పార్లర్ అమ్మాయిని బతిమాలి ఇంటికి పిలిచాను. ఐదొందలు తీసుకుంది. అయిపోయాక మా అత్తగారు ఎడమ చెయ్యి తల మీద పెట్టుకుని, ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి, చాలాసేపు తడుముకుంది. "అదే" అని ఒక్కసారి అంది. ఏడవలేదు. ఆ మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంది. ఆ జడని నేను పారెయ్యలేదు కూడా. రబ్బరు బ్యాండు వేసి, పాత చీర ముక్కలో చుట్టి బీరువాలో పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలీదు.

ఇదంతా గ్రూపులో రాయచ్చు కదా అంటారేమో. రాస్తే "మేం అన్నది అది కాదు, నువ్వు సెన్సిటివ్‌గా తీసుకుంటున్నావ్" అంటారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నిన్నటి పరామర్శలో అసలు ఘనకార్యం ఇంకొకటుంది. నేను కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళగానే, "పెద్దమ్మకి కోవా అంటే ప్రాణం" అని ఒక ముక్క నోట్లో పెట్టేశారు. పడుకున్న మనిషికి! పక్షవాతం వచ్చినవాళ్ళలో చాలామందికి మింగడం సరిగ్గా రాదండీ, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తల ఎత్తి కూర్చోబెట్టి, చిక్కగా చేసిన జావ, చెంచా చెంచాకీ గొంతు కదిలిందా లేదా చూసుకుంటూ పెడతాం. పొలమారింది. మొహం కందిపోయింది. నేను పరుగెత్తుకొచ్చి పక్కకి తిప్పి వీపు చరుస్తుంటే, ఆ అల్లుడుగారు నవ్వుతూ ఏమన్నాడో తెలుసా? "ఎవరో తలుచుకుంటున్నారు." అవును బాబూ, న్యుమోనియా తలుచుకుంటోంది. పోయిన వేసవిలో అదే తలుచుకుంటే పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం.

వెళ్ళేటప్పుడు యాపిల్ పళ్ళ కవరు నా చేతిలో పెట్టి "నువ్వు చాలా పుణ్యం చేసుకుంటున్నావమ్మా" అన్నారు. ఈ పుణ్యం నా దగ్గర చాలా పేరుకుపోయిందండీ. ఎవరికైనా కావాలంటే సగం ధరకి ఇస్తాను. దానికి బదులు ఒక్క ఆదివారం, ఒక్క పూట, ఎవరైనా వచ్చి ఆవిడ పక్కన కూర్చుంటే నేను తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటాను. నాకూ జుట్టుంది, దాని గురించి గ్రూపులో ఎవరూ అడగలేదు.

మా ఆయన సంగతి చెప్పకపోతే పాపం. మంచివాడే. వాళ్ళమ్మని కుర్చీలోంచి మంచం మీదకి ఎత్తి పడుకోబెట్టాడు నిన్న. అది చూసి వచ్చినావిడ కళ్ళు తుడుచుకుంది, "కొడుకంటే నువ్వేరా అన్నయ్యా" అని. రోజుకి పన్నెండుసార్లు ఇటూ అటూ తిప్పేది ఎవరో, డైపర్ మార్చేది ఎవరో, రెండు గంటలకొకసారి రాత్రి అలారం ఎవరి ఫోన్‌లో మోగుతుందో అడగలేదు. పుళ్ళు పడకుండా ఎయిర్ బెడ్ ఉందిగా అంటారు. కరెంటు పోతే ఎయిర్ బెడ్ ఉత్త రబ్బరు షీటండీ.

మాటొచ్చింది కాబట్టి అంటున్నాను, 2007లో తల్లిదండ్రుల పోషణకి చట్టం చేశారు కదా. అందులో పిల్లలు అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలి పేరే లేదు! కూతురి పేరు ఉంది, మా ఆడపడుచు గమనించగలరు. 2019లో కోడల్నీ అల్లుణ్ణీ కూడా చేర్చాలని బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. అయినా చట్టంతో పనేముంది, మమ్మల్ని పెళ్ళినాడే చేర్చేశారు. ఆ చట్టంలో ట్రిబ్యునల్ ఇప్పించగల భరణం నెలకి 10,000 దాకా. మాకు పగటిపూట ఆయాకి రోజుకి తొమ్మిది వందలు. పన్నెండో తారీఖుకి చట్టం అయిపోతుంది. ఇక 70 నిండినవాళ్ళకి ఏడాదికి 5 లక్షల దాకా ఆయుష్మాన్ బీమా అని 2024లో తెచ్చారు, మంచిదే, కానీ అది ఆస్పత్రిలో మంచానికి. ఇంట్లో మంచానికి కాదు.

ఈ మధ్య నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇంకో కథ. మామగారు రైల్వేలో చేశారు, ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. ఫోన్‌లో మొహం చూపిస్తే చాలు, బ్యాంకుకి వెళ్ళక్కర్లేదు అన్నారు. సంతోషం. అది కళ్ళార్పమంటుంది. మా అత్తగారికి చెప్పింది అర్థం కాదు కదా, ఫోన్ వంక గుడ్లప్పగించి చూస్తుంది. నేను ఫోన్ దించగానే టపటపా ఆర్పుతుంది. ఐదుసార్లు, ఆరుసార్లు. బతికే ఉందని ప్రభుత్వానికి రుజువు చెయ్యడానికి నేను ఆవిడ కళ్ళ ముందు చిటికెలు వేసుకుంటూ కూర్చున్నాను. ఏడోసారి అయింది. ఆ రోజు గ్రూపులో ఎవరూ ఆశీస్సులు తీసుకోలేదు.

అసలు నా కోపం ఈ ఫోటో మీద కాదేమో. 2018లో తెనాలిలో మా అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ చేసినా మళ్ళీ లేవలేదు, నాలుగు నెలలు బతికింది. విజయవాడ నుంచి తెనాలి ఎంతండీ, గంట. సరిగ్గా అప్పుడే మా అత్తగారికి కంట్లో శుక్లం ఆపరేషన్ పెట్టుకున్నారు. చుక్కల మందు రోజుకి ఆరుసార్లు వెయ్యాలి. ఇంట్లో మామగారు ఉన్నారు, కానీ చెయ్యి వణుకుతుందన్నారు. పేకాటలో ముక్క కలిపేటప్పుడు వణికేది కాదు మరి. నేను వెళ్ళి ఓ నెల అమ్మ దగ్గర ఉంటానంటే, ఇదే ఆడపడుచు ఫోన్‌లో, ఎంతో మెత్తగా, "మీ అమ్మకి మీ వదిన ఉందిగా వదినా" అంది.

ఉంది. మా వదిన ఉంది. మా అమ్మకి మా వదిన, మా అత్తగారికి నేను, మా వదిన వాళ్ళమ్మకి ఇంకెవరో వదిన. ప్రతి ముసలమ్మ మంచం పక్కనా ఒక వదిన ఉంటుంది, ఆవిడ తల్లి ఇంకో ఊళ్ళో ఇంకో వదిన చేతిలో ఉంటుంది. ఆ నాలుగు నెలల్లో మా అమ్మ పక్కన నేను పడుకున్నది ఆరు రాత్రులు. లెక్కపెట్టుకున్నాను.

ఒప్పుకోవాల్సింది కూడా ఒకటుంది. అప్పుడు నేనూ మా వదినకి ఫోన్ చేసి "అమ్మకి రోజూ గుడ్డు పెడుతున్నావా?" అని అడిగాను. "పెడుతున్నానమ్మా" అంది. ఆ "అమ్మా" దగ్గర కాస్త సాగదీసింది. నాకు అప్పుడు కోపం కూడా వచ్చింది.

ఇందాకే గ్రూపులో మళ్ళీ మెసేజ్: "కనీసం ఆ జుట్టు అయినా దాచారా?" దాచాను తల్లీ. చీర ముక్కతో సహా ఉంది. అడ్రస్ పెట్టు, రేపే కొరియర్ చేస్తాను. దువ్వి మరీ పంపిస్తాను, అక్కడ నీకు టైం ఉండదు కదా.