కడుక్కోమని మాత్రం చెప్పకండి

పెళ్లైన కొత్తలో వాసనతో తెల్లబట్ట అవుతోందని అత్తయ్యకి చెప్పుకున్నాను. "వేడి చేసుంటుందిలే అమ్మా, బార్లీ నీళ్లు తాగు. శుభ్రంగా కడుక్కో" అంది. బార్లీ నీళ్లతో నష్టమేం లేదు. ఆ రెండో మాటే నన్ను రెండేళ్లు ఏడిపించింది. మగ్గు నీళ్లలో యాంటీసెప్టిక్ కలిపి లోపలిదాకా కడిగేదాన్ని. కడిగేకొద్దీ ఎక్కువయ్యేది. నాదే మురికి ఒళ్లనుకుని కుమిలిపోయాను.

చివరికి ఒక డాక్టరమ్మ కూర్చోబెట్టి విడమర్చి చెప్పింది. యోనిలో ఎక్కువమందికి లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుంది. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ వల్ల అక్కడి కణాల్లో చేరే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం దానికి తిండి. దాన్నుంచే లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది, పాలు తోడుకుని పులిసినట్టే. పులుపుని కొలిచే పీహెచ్ లెక్కలో 3.8 నుంచి 4.5 దాకా ఉండే ఆ పులుపులో చెడ్డ క్రిములు పెరగలేవు. నేను రోజూ కడిగి పారబోసింది ఆ కాపలానే!

నాకున్నది బ్యాక్టీరియల్ వెజైనోసిస్, అంటే ఆ మేలు చేసే బ్యాక్టీరియా తగ్గి వేరే క్రిములు పెరిగిపోవడం. పల్చగా, బూడిద రంగులో, చేపల వాసనతో అవుతుంది. విరిగిన పాల ముక్కల్లా తెల్లగా, విపరీతమైన దురదతో అయితే సాధారణంగా అది ఫంగస్, దాని మందు వేరు. ఏదీ అడక్కుండా మందుల షాపులో ఒకే కిట్ చేతిలో పెడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. వెజైనోసిస్ ఉన్న గర్భిణికి నెలలు నిండకుండానే కాన్పయ్యే ప్రమాదం ఎక్కువ. హెచ్‌ఐవీ సోకే ముప్పూ పెరుగుతుంది. ఇవన్నీ వదిలేసి, పూల వాసన వచ్చే వాష్‌లు అమ్ముతున్నారు మనకి. బయట మామూలు నీళ్లు చాలు, లోపల ఏదీ వద్దు.

మందు వాడాను, తగ్గింది. మూడు నెలలకి మళ్లీ మొదలు. ప్రతిసారీ మాత్రలు నాకే. మా ఆయన్ని ఎవరూ పిలవలేదు, ఆయనా "నాకేం లేదుగా" అనేవారు. కానీ ఆ క్రిములు మగవాళ్ల దగ్గర్నుంచి కలయికలో మళ్లీ మనకి చేరొచ్చట. ఆస్ట్రేలియా పరిశోధకులు 2025లో ప్రచురించిన ట్రయల్ (మందు పనితనం తేల్చే పరీక్ష) గురించి చదివినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. మగవాళ్లకి కూడా వారం పాటు మాత్రలు, పూత మందు ఇచ్చిన జంటల్లో 12 వారాల్లో 35 శాతం మందికి తిరగబెట్టింది. ఆడవాళ్లకే ఇచ్చిన చోట 63 శాతం. తేడా అంత స్పష్టంగా కనబడేసరికి ట్రయల్‌ని ముందే ఆపేశారు.

అక్కలూ, చెల్లెళ్లూ, మీకు పదేపదే తిరగబెడుతుంటే డాక్టర్ దగ్గరికి ఇద్దరూ వెళ్లండి. మీ ఆయన "నాకేం లేదుగా" అంటే ఈ అంకెలు చూపించండి. ఆ రోజుల్లో చూపించడానికి నా దగ్గర ఇవి లేవు.