నా పిలుపు గంట జోలికి రాకండి

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మేనల్లుడు ఫోను చేశాడు. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. డబ్బులు కావాలంటే తప్ప ఫోను చేసే రకం కాదు కాబట్టి ముందే జేబు తడుముకున్నాను. డబ్బుల కోసం కాదట. "మామయ్యా, మలేనియాను ఓడించానని అందరికీ చెప్పుకుంటున్నావట. మిమిక్ టియర్‌తోనే కదా? అయితే అది గెలుపు కిందికి రాదులే" అని నవ్వి పెట్టేశాడు. మలేనియా అంటే ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్‌లో మహా కష్టమైన శత్రువు. మిమిక్ టియర్ అంటే గంట మోగించి పిలిస్తే మన తరఫున పోరాడే ఒక ఆత్మ.

మూడు వారాలు ఆడాను. లెక్క రాసుకున్నంత వరకు అరవై రెండు సార్లు చచ్చాను. అరవై మూడోసారి ఆమె కూలింది. రాత్రి రెండు గంటలప్పుడు ఒక్కడినే లేచి నిలబడి, ఇంట్లో వాళ్లు లేవకూడదని చప్పుడు లేకుండా చప్పట్లు కొట్టుకున్నాను. అది గెలుపు కాదట! పిల్లవాడు ఏదో అన్నాడులే అని వదిలేసేవాడినే. కానీ ఎల్డెన్ రింగ్ ఆడేవాళ్లు ఎక్కడ నలుగురు చేరినా ఇదే మాట వింటున్నాను. అందుకే ఈ పోస్టు. కాస్త పొడవుగానే ఉంటుంది, ఓపిక లేనివాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు.

ముందు నా సంగతి. హనుమకొండలో ఫ్లెక్సీలు డిజైన్ చేసి ప్రింట్ తీసే చిన్న షాపు నాది. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, ఎన్నికలు, సంతాపాలు అన్నీ నా కంప్యూటర్ మీదుగానే పోతాయి. పెద్ద ఫైళ్లు తెరవాలి కాబట్టి మంచి గ్రాఫిక్స్ కార్డు వేయించాను. వేయించింది పని కోసమేనని మా ఆవిడకు ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను. ఇరవై అడుగుల బ్యానర్ ప్రింట్ అవుతున్నంతసేపు మనిషి మిషన్ పక్కన ఉండాలి, కానీ చేయడానికి పనేమీ ఉండదు. అలా మొదలైంది ఈ ఆట.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎల్డెన్ రింగ్ 2022 ఫిబ్రవరి 25న వచ్చింది. చేసింది జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్. దర్శకుడు హిదెటాకా మియజాకి. ఆ లోకానికి వెనకటి పురాణం రాసింది అమెరికన్ రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్. ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో మేటి ఆటగా నిలిచింది కూడా ఇదే. మరికా అనే రాణి ఏలుబడిలో ఉండగా ఆ లోకాన్ని నిలబెట్టే ఎల్డెన్ రింగ్ పగిలిపోతుంది. ఆమె సంతానం తలా ఒక ముక్క పట్టుకుని దాయాదుల్లా కొట్టుకుంటారు, ఎవరూ గెలవరు. ఎప్పుడో ఆ దేశం నుంచి తరిమేసిన వాళ్లలో ఒకడిగా మనం తిరిగి వచ్చి ఆ ముక్కలు కూడగట్టాలి. చస్తే మన దగ్గరున్న రూన్లు, అంటే సంపాదనంతా, చచ్చిన చోటే పడిపోతాయి. వెళ్లి తెచ్చుకోవాలి. దారిలో మళ్లీ చచ్చామా, ఇక వాటికి నీళ్లు వదులుకోవాల్సిందే.

కష్టమైన ఆటే. కాదనను. ఆట మొదట్లోనే బయలులో బంగారు కవచం తొడిగి గుర్రం మీద తిరుగుతూ ఒక కాపలాదారు కనిపిస్తాడు. కొత్తవాళ్లందరం వెళ్లి వాడి చేతిలో చస్తాం. వాడిని అక్కడ పెట్టిందే, "అన్నిటికీ ఇప్పుడే ఎదురెళ్లకు, పక్కనుంచి పో" అని నేర్పడానికి. తర్వాత స్టార్మ్‌వెయిల్ కోట ముందు మార్గిట్ ఉంటాడు. వాడు కర్ర పైకెత్తుతాడు. ఇక కొడతాడని మనం పక్కకు దొర్లుతాం. వాడు కొట్టడు. కర్ర గాలిలోనే ఉంటుంది. మన దొర్లడం అయిపోయి లేచి నిలబడే ఆ అర సెకనులో సరిగ్గా నెత్తిన దించుతాడు. కళ్లు చూసేదాన్ని చేతులు నమ్మకుండా ఉండటం నేర్చుకోవాలి. నాకది నాలుగు రోజులు పట్టింది. మధ్యలో ఒక పెళ్లి బ్యానర్‌లో వరుడి ఇంటిపేరు తప్పు పడింది. మళ్లీ ప్రింట్ తీసి ఇచ్చాను, ఖర్చు నాదే.

ఇక అసలు గొడవకు వస్తాను. ఈ ఆటలో సాయం రెండు రకాలు. ఒకటి, మొదట్లోనే చేతికి వచ్చే చిన్న గంట. అది మోగిస్తే చనిపోయిన వాళ్ల ఆత్మలు వచ్చి మన తరఫున పోరాడతాయి. మొదట మూడు తోడేళ్లు వస్తాయి. ఇంకా ముందుకు పోతే మిమిక్ టియర్ దొరుకుతుంది. అది మనలాగే మారి, మన కత్తి పట్టుకుని, మన పక్కనే నిలబడుతుంది. రెండోది, ఇంటర్నెట్‌లో ఉన్న వేరే ఆటగాళ్లు. వాళ్లు నేల మీద బంగారు రంగు గుర్తు వేసి పెడతారు, దాన్ని తాకితే మన లోకంలోకి వస్తారు.

ఈ రెండూ వాడనివాడే మొనగాడు, వాడినవాడు పక్కవాడి పేపరు చూసి పాసైనవాడు! ఇదీ మా మేనల్లుడి సిద్ధాంతం.

అయ్యా, ఆ గంట నేను దొంగతనంగా తేలేదు. ఆట చేసినవాళ్లే పిలిచి చేతిలో పెట్టారు. పైగా ఉచితం కూడా కాదు. మిమిక్ టియర్‌ను పిలిస్తే మంత్రశక్తి కాదు, మన ప్రాణంలోంచే పెద్ద ముక్క కోసుకుంటుంది. దానికి బలం పెంచాలంటే భూగర్భ సమాధుల్లో దూరి, ఉచ్చులను దాటి పూలు ఏరుకు రావాలి. ఇంకో ఆటగాడిని పిలిస్తే ఎదుటి బాస్‌కు, అంటే మనం కొట్టాల్సిన పెద్ద శత్రువుకు, ప్రాణం పెరుగుతుంది. ఎక్కడ పడితే అక్కడ గంట మోగదు కూడా. ఇన్ని షరతులు పెట్టి, లెక్కలు సరిచూసి, విడుదలయ్యాక మిమిక్ టియర్ జోరు ఎక్కువైందనిపిస్తే దాన్ని కొంచెం తగ్గించి మరీ ఉంచారంటే, అది ఆటలో భాగం కాక మరేమిటి? మియజాకి స్వయంగా, తాను ఆటలు బాగా ఆడలేనని, అందుకే ఆటలో దొరికే సాయమంతా వాడుకుంటూ ఆడానని చెప్పాడు. చేసినవాడికి లేని పట్టింపు ఆడేవాడికి ఎందుకో నాకు అర్థం కాదు.

ఇంకో సంగతి. మలేనియాతో పోరు ఎంత దారుణమంటే, ఆమె కత్తి మనకు తగిలిన ప్రతిసారీ ఆమె ప్రాణం కొంచెం తిరిగి వస్తుంది. డాలు అడ్డం పెట్టినా సరే. మనం పది నిమిషాలు కష్టపడి తగ్గించింది ఆమె నాలుగు వేట్లలో మళ్లీ నింపుకుంటుంది. గాలిలోకి లేచి కత్తి సుడులు తిప్పే ఆ ఒక్క దెబ్బ మీద జనం ఎంత చర్చించారో చెప్పలేను. సరిగ్గా ఆమె గుమ్మం ముందే 2022లో ఒక ఆటగాడు వెలిశాడు. ఒంటి మీద గోచీ, తల మీద కుండ, రెండు చేతుల్లో రెండు కత్తులు. తనకు తాను పెట్టుకున్న పేరు "లెట్ మీ సోలో హర్", అంటే ఆమెను నేనొక్కడినే చూసుకుంటాను అని. ఎవరు పిలిచినా వచ్చేవాడు. పిలిచినవాడు మూలన నిలబడితే చాలు, దెబ్బ తగలకుండా ఆమెను పడగొట్టి వెళ్లిపోయేవాడు. ఆట పంపిణీ చేసిన బందాయ్ నామ్కో సంస్థ అతనికి నిజమైన కత్తి ఒకటి బహుమానంగా పంపింది. ఇప్పుడు చెప్పు అల్లుడూ, ఈ ఆటలో లోకమంతా మెచ్చుకున్న మొనగాడు ఎవరు? పిలిస్తే పలికినవాడే కదా! పిలిచేవాళ్లే లేకపోతే ఆ కుండ తల వీరుడికి పనెక్కడిది?

మేడారం జాతర సంగతే తీసుకుందాం. రెండేళ్లకోసారి ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. మా నానమ్మ కాలంలో ఎడ్లబండి కట్టుకుని, దారిలో వండుకు తింటూ వెళ్లేవాళ్లు. మేము హనుమకొండలో బస్సు ఎక్కుతాం. ఈ మధ్య జాతరలకు హెలికాప్టర్లు కూడా నడిపారు. నిలువెత్తు బంగారం, అదే బెల్లం, తూచి అమ్మకు ఇచ్చేటప్పుడు "నువ్వు బస్సులో వచ్చావు, నీ మొక్కు చెల్లదు" అని గద్దె దగ్గర ఎవరైనా అన్నారా? నడిచి వెళ్లినవాళ్లకు దండం పెడతాను, అది వేరే సంగతి. అలాగే సాయం లేకుండా మలేనియాను కొట్టినవాడికీ దండం పెడతాను. నా మొక్కు లెక్కలోకి రాదంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

రెండో అభిప్రాయం ఇంకా విచిత్రం. "ఆట బాగుంది కానీ కథ లేదు" అంటారు. కథ లేకపోవడం కాదు, కూర్చోబెట్టి చెప్పేవాడు లేడు. ఇది నాకు మొదటి వారంలోనే తెలిసింది. కారణం మా తాతయ్య.

అప్పట్లో మా ఇల్లు శివనగర్‌లో. సెలవు రోజుల్లో తాతయ్య సైకిలు ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని కోటకు తీసుకెళ్లేవాడు. ఖిలా వరంగల్ చూసినవాళ్లకు తెలుసు. నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు నిలబడి ఉంటాయి, మధ్యలో ఉండాల్సిన గుడి ఉండదు. రాళ్లు ఉంటాయి. సగం సింహం, తల లేని నంది, ముక్కలైన పైకప్పు పద్మం. తాతయ్య ఏమీ చెప్పేవాడు కాదు. ఒక రాతి ముందు ఆపి, "ఇది ఎక్కడిదో చెప్పు" అనేవాడు. దాని అడుగున వేలు దూర్చి చూడమనేవాడు. చతురస్రంగా తొలిచిన గుంట తగిలేది. "గుంట ఉందంటే ఇంకో రాయి ఇందులో కూర్చోవాలి. అంటే ఇది స్తంభం తాలూకుది. ఇప్పుడు దాని జత వెతుకు" అనేవాడు. మధ్యాహ్నం ఎండలో ఆ జత కోసం తిరిగిన పిల్లవాడికి, గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేసిన కోట 1323లో ఢిల్లీ సైన్యాల చేతికి చిక్కిందన్న వాక్యం బడిలో చదవకముందే వేళ్లకు తెలిసిపోయింది.

ఎల్డెన్ రింగ్ కథ చెప్పేది అచ్చంగా ఇలాగే. రాడాన్ అని ఒక సేనాని ఉంటాడు. కొండంత మనిషి, కింద గొర్రెంత బక్క గుర్రం. మొదటిసారి చూసి పగలబడి నవ్వాను. ఇంత పెద్ద సంస్థకు గుర్రం కొలత కూడా తెలియదా అనుకున్నాను. గెలిచాక అతని జ్ఞాపకంగా ఒక వస్తువు దొరుకుతుంది. దాని వివరణలో రెండు ముక్కలు రాసి ఉంటాయి: అతను చిన్నతనంలో బరువును అదుపు చేసే విద్య నేర్చుకున్నాడు, తన ముద్దుల బక్క గుర్రాన్ని ఎన్నటికీ వదలకుండా ఉండటానికి. అంతే. గుర్రానికి తన బరువు తెలియకూడదని మంత్రం నేర్చుకున్న మనిషిని నేను ఇందాకే బాణాలు వేసి చంపాను. ప్రింట్ అయిపోయి మిషన్ కూత పెడుతున్నా కాసేపు లేవలేదు.

ఆ రెండు ముక్కలూ చదవకుండా బటన్ నొక్కి ముందుకు పోయినవాడికి కథ ఎక్కడ కనిపిస్తుంది? అయితే ఇందులోనూ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. నేల మీద ఎవరో ఒకరు రాసి పెట్టిన మాటలు మెరుస్తుంటాయి. ఆట ఇచ్చిన పదాల్లోంచే ఏరి పేర్చాలి కాబట్టి ఎక్కువ రాయలేరు. "ముందు దాగిన దారి ఉంది" అని ఉంటుంది. గోడను కొట్టి చూస్తాం. కొన్నిసార్లు గోడ మాయమవుతుంది. ఎక్కువసార్లు అది ఎవడో ఆకతాయి వేషం. ఎర్రటి నెత్తుటి మరక తాకితే, ఎక్కడివాడో ఒక అపరిచితుడు అక్కడ ఎలా చచ్చాడో నీడలా కనిపిస్తుంది. ఒకసారి ఒకడు అంచు దాకా చక్కగా నడిచి, ఆగి, మెల్లగా అడుగు వేసి లోయలో పడ్డాడు. నేను ఆగిపోయాను. నేను రాసిన మాట మెచ్చుకుంటూ వేరెవరో బటన్ నొక్కితే, ఆ క్షణంలో నేను ఎక్కడున్నా నా ప్రాణం నిండుతుంది. ఒకసారి చావు అంచున ఉండగా అలాగే బతికాను, ఎవరి పుణ్యమో తెలియదు. ఇలాంటి ఆటను ఒంటరి వీరుల ఆట అని ఎలా అంటారు?

పొగడ్తలే రాస్తున్నానని అనుకోకండి, తిట్టాల్సినవీ ఉన్నాయి. భూగర్భ సమాధులు పది చూశాక పదకొండోది చూడబుద్ధి కాదు. కుళ్లిన చెట్టు భూతాన్ని ఒకదాన్నే ఎన్ని చోట్ల పెట్టారో. సాయం అడిగిన మనిషి ఎక్కడికి పోయాడో రాసి పెట్టే పుస్తకం ఒక్కటి కూడా లేదు. ఇక భాష: థాయ్‌లో కూడా అక్షరాలు ఇచ్చారు, తెలుగులో లేవు, హిందీలోనూ లేవు. ఆ పాతకాలపు ఇంగ్లిష్‌తో కుస్తీ పట్టడం ఇంకో బాస్.

అన్నిటికన్నా పెద్దది, ఈ ఆటలో మామూలుగా పాజ్ ఉండదు. మెనూ తెరిచినా శత్రువు ఆగడు. ముప్పై తొమ్మిదో ప్రయత్నంలో మలేనియా ప్రాణం చిటికెడు మిగిలి ఉండగా మా అమ్మ షాపు గుమ్మంలోకి వచ్చి, "పెరుగు అయిపోయింది, తెచ్చిపెట్టు" అంది. "ఒక్క నిమిషం ఆగమ్మా, దీన్ని ఆపడానికి వీల్లేదు" అన్నాను. "ఆపడానికి వీల్లేని ఆట ఏమి ఆటరా?" అని నిలదీసింది. జవాబు చెప్పడానికి తల తిప్పాను, చచ్చాను. వెళ్లి పెరుగు తెచ్చాను. పాజ్ విషయంలో మా అమ్మ అభిప్రాయమే నా అభిప్రాయం.

2024 జూన్ 21న ఈ ఆటకు విస్తరణ, అంటే కొత్త అదనపు భాగం, వచ్చినప్పుడు కూడా చాలామంది మరీ కష్టంగా ఉందని మండిపడ్డారు. అక్కడ దొరికే ముక్కలు ఏరుకుంటే మన బలం పెరుగుతుంది. వారం తిరగకుండానే ఆ ముక్కల బలాన్ని మొదటి దశల్లో పెంచుతూ సవరణ ఇచ్చారు. మా మేనల్లుడు మాత్రం, ముక్కలు ఏరుకోవడం కూడా పిరికితనమేనని, ఏరకుండానే మొదటి బాస్ దగ్గర తొమ్మిది రోజులు కూర్చున్నాడు. ఆ సంగతి వాళ్లమ్మ, అంటే మా అక్క, నాకు చెప్పింది. వాడు చెప్పలేదు.

సరే అల్లుడూ, దసరాకు ఎలాగూ వస్తావు. బతుకమ్మ సందడిలో ఆడవాళ్లెవరూ మనల్ని పట్టించుకోరు, షాపు తాళం ఇస్తాను, కంప్యూటర్ ఇస్తాను. కొత్త పాత్రతో మొదలుపెట్టి, గంట మోగించకుండా, మీ సిద్ధాంతం ప్రకారం మార్గిట్‌ను కొట్టి చూపించు. పక్కనే కూర్చుని సకినాలు అందిస్తాను. నా సేవ్ మాత్రం ముట్టుకోకు.