సవరణ: వైఫై ప్రయారిటీలో పెద్ద అంకెదే ముందు వరుస

కమాండ్ లైన్ లినక్స్‌లో వైఫైలు వాటంతటవే మారడం గురించి పెట్టిన పోస్టులో, నెట్‌వర్క్‌మేనేజర్ (లినక్స్‌లో నెట్ కనెక్షన్లు చూసుకునే ప్రోగ్రామ్) ఆటోకనెక్ట్-ప్రయారిటీలో, అంటే ఏ వైఫైకి ముందు కనెక్టవ్వాలో చెప్పే సెట్టింగులో, చిన్న అంకె ఉన్నదే ముందు కనెక్టవుతుందని రాశాను. అది తప్పు. మాన్యువల్ పేజీ ప్రకారం పెద్ద అంకెకే ప్రాధాన్యం. హద్దులు -999 నుంచి 999, ఏమీ ఇవ్వకపోతే 0. చిన్న అంకె గెలిచేది రూట్-మెట్రిక్‌లో (ఒకేసారి రెండు కనెక్షన్లు ఉంటే డేటా ఏ దారిన వెళ్లాలో తేల్చే అంకె); నేను ఆ రెండింటినీ కలిపేశాను.

కాబట్టి ముఖ్యమైన ప్రొఫైల్‌కు (అంటే సేవ్ చేసుకున్న వైఫై కనెక్షన్‌కు) 20, రెండోదానికి 10 ఇవ్వండి. టెర్మినల్‌లో నెట్‌వర్క్‌మేనేజర్‌కు చెప్పే కమాండ్ ఇది: ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై, తర్వాత ప్రొఫైల్ పేరు, ఆపైన కనెక్షన్.ఆటోకనెక్ట్-ప్రయారిటీ 20. అంకెలు సమానమైతే చివరిసారి వాడిన ప్రొఫైల్‌నే ఎంచుకుంటుంది. పాత పోస్టు చూసి సెట్ చేసినవాళ్లకు కొన్నిసార్లు సరిగానే పనిచేసినట్టు అనిపించడానికి వేరే కారణం ఉంది: అందుబాటులో ఒకే నెట్‌వర్క్ ఉంటే ఈ అంకెతో పనే లేదు.

ఇంకో మాట. ఈ అంకె చూసేది కొత్తగా కనెక్టయ్యేటప్పుడే. 10 ఉన్నదాని మీద నడుస్తుండగా 20 ఉన్నది రేంజ్‌లోకి వచ్చినా మిషన్ దాని మీదికి దూకదు; ఉన్న లింకు తెగాలి, లేదా ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ అప్ అని మనమే చెప్పాలి. సిగ్నల్ నీరసించినా తెగనంతవరకు అక్కడే వేలాడుతుంది. అది వద్దనుకుంటే చిన్న స్క్రిప్టు రాసి సిస్టమ్‌డీ టైమర్‌కు (లినక్స్‌లో పనుల్ని నిర్ణీత వేళకు నడిపేది) తగిలించుకోవచ్చు.