384 ఫారాలు నిండితే పరిశోధన అయిపోదు

మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్ల మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది: "384 మందితో ప్రశ్నావళి నింపిస్తే ఏ అంశానికైనా శాంపిల్ సరిపోతుంది. నాలుగైదు కంపెనీల కేస్ స్టడీతో సిద్ధాంతం రాదు." రెండూ తప్పే.

384 అన్నది క్రెజ్‌సీ, మోర్గాన్ అనే పరిశోధకులు 1970లో ఇచ్చిన శాంపిల్ సైజుల పట్టికలో పది లక్షల జనాభాకు ఎదురుగా ఉన్న అంకె. 1.96 వర్గాన్ని 0.25తో గుణించి 0.05 వర్గంతో భాగిస్తే 384.16 వస్తుంది. పెద్ద జనాభాలో ఎంత శాతం మంది "అవును" అంటారో, 95 శాతం నమ్మకంతో, అటూ ఇటూ 5 శాతం తేడాలో అంచనా వేయడానికే ఈ లెక్క. అదీ పూర్తి జాబితా నుంచి లాటరీ పద్ధతిలో ఎంచినప్పుడే. వాట్సాప్ గ్రూపుల్లో గూగుల్ ఫారం పంచితే ఈ సూత్రం వర్తించదు. అలా 3,840 ఫారాలు వచ్చినా పక్షపాతం తగ్గదు.

పైగా చాలా థీసిస్‌లు శాతాలు అడగవు. నాయకత్వ శైలికీ ఉద్యోగుల నిబద్ధతకూ సంబంధం ఉందా అని అడుగుతాయి. దానికి పవర్ లెక్క వేయాలి, అంటే సంబంధం నిజంగా ఉంటే అది మన శాంపిల్‌లో బయటపడే అవకాశం ఎంతో చూడాలి. 5 శాతం సిగ్నిఫికెన్స్ (లేని సంబంధాన్ని ఉందనుకునే అవకాశం), 80 శాతం పవర్‌తో 0.3 సహసంబంధాన్ని (సున్నా అంటే సంబంధం లేనట్టు, 1 అంటే పూర్తిగా ఉన్నట్టు) పట్టుకోవడానికి సుమారు 85 మంది చాలు. 0.1 అయితే దాదాపు 780 మంది కావాలి.

ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటుంది. ఆ 384 మందీ ఎనిమిది కంపెనీల నుంచి, ఒక్కోదాంట్లో 48 మంది చొప్పున వచ్చారనుకోండి. ఒకే కంపెనీవాళ్ల జవాబులు ఒకేలా ఉండే మోతాదు, అంటే ఐసీసీ, 0.1 అయినా డిజైన్ ఎఫెక్ట్, అంటే శాంపిల్ బలం ఎన్నో వంతుకు పడిపోతుందో చెప్పే అంకె, 1 + 47 × 0.1 = 5.7. 384ను దాంతో భాగిస్తే మిగిలేది 67 మంది బలమే. కంపెనీ విధానాల ప్రభావం తేల్చాలంటే మీ శాంపిల్ ఎనిమిదే!

ఇక కేసుల సంగతి. కేస్ స్టడీల నుంచి సిద్ధాంతం కట్టడానికి నాలుగు నుంచి పది కేసులు సాధారణంగా సరిపోతాయని మేనేజ్‌మెంట్ పరిశోధకురాలు ఐసెన్‌హార్ట్ 1989లోనే రాశారు. ఇక్కడ ఎంపిక జనాభాకు ప్రాతినిధ్యం కోసం కాదు, పోలిక కోసం. ఒకే రంగం, ఒకే పరిమాణం, మార్పు ఒకచోట నిలిచింది, ఒకచోట కూలింది: అలాంటి జంటలు రెండు తీసుకోండి. ఎండీతో మాత్రమే మాట్లాడి వచ్చేస్తే ఆయన కథే మిగులుతుంది. సూపర్‌వైజర్లను, కార్మికులను అడగాలి, మీటింగ్ మినిట్స్ తేదీలతో సరిచూడాలి. ముందు ప్రతి కేసునూ విడిగా రాసి, తర్వాతే జంటలను పోల్చాలి. కారణానికీ ఫలితానికీ మధ్య మీరు చూసిన సంబంధం ఏ కేసులోనైనా పొసగకపోతే దాన్ని సవరించాలి, లేదా వదిలేయాలి. గెలిచిన కంపెనీలనే ఎంచుకుంటే కారణమేదో ఎప్పటికీ తేలదు.

అలా తేలిన సంబంధం ఎన్ని కంపెనీల్లో ఉందో కేసులు చెప్పలేవు. అది సర్వే పని. దానికి శాంపిల్ లెక్క ఆ ప్రశ్నను బట్టి కొత్తగా వేయాలి.