బరువు పెంచడం కూడా బరువు నియంత్రణేనట

ఈ మధ్యాహ్నం మారతహళ్లి వంతెన దగ్గర ఆటోలో ఇరుక్కుపోయి ఉండగా బీమా కంపెనీ నుంచి ఫోను వచ్చింది. మా అమ్మాయిని పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంచిన ఖర్చుకు మేము పెట్టుకున్న క్లెయిమును తిరస్కరించామని, 'బరువు నియంత్రణ చికిత్సలు' పాలసీ మినహాయింపుల్లో ఉన్నాయని ఒక అబ్బాయి ఎంతో మర్యాదగా చదివి వినిపించాడు. బాబూ, ఆ మినహాయింపు లావు తగ్గించుకోవడానికి ఆపరేషన్లు చేయించుకునేవాళ్ల కోసం పెట్టింది, మా పిల్లకు ఉన్నది అనొరెక్సియా, లావైపోతామన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు, అలా మానేసి గుండె వేగం పడిపోతే చేర్పించాము అని చెప్పాను. అతను ఒక్క క్షణం ఆలోచించి, "బరువు పెంచడం కూడా బరువు నియంత్రణే కదా మేడమ్" అన్నాడు. ఆటో అతను అద్దంలో నా ముఖం చూసి రేడియో ఆపేశాడు.

ఈ లెక్కన బావిలో పడ్డవాణ్ని పైకి లాగితే అది ఈత శిక్షణ కిందికి వస్తుంది కాబోలు.

అమ్మాయి బరువు ఎంతకు పడిపోయిందో ఇక్కడ రాయను. ఈ జబ్బుతో ఉన్న పిల్లలు అలాంటి అంకెలను పరీక్షలో పక్కవాళ్ల మార్కుల్లా చదువుతారని రెండేళ్లుగా చూస్తున్నాను కాబట్టి, దయచేసి కామెంట్లలో కూడా ఎవరూ అడగవద్దు.

ఇంటికి వచ్చి మెయిలు తెరిస్తే అందులో రెండో కారణం కూడా ఉంది. పోషకాహారం ఇవ్వడం, పరిశీలనలో ఉంచడం తప్ప 'క్రియాశీలమైన చికిత్స' ఏదీ జరగలేదట. నెలల తరబడి పస్తులున్న శరీరానికి తొందరపడి తిండి పెడితే రక్తంలో ఫాస్ఫరస్ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుందని, అందుకే రోజూ రక్తం తీసి చూస్తూ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయారని ఆ కాగితం రాసిన బీమా కంపెనీ వైద్యుడికి తెలియదని నేను అనుకోను. తెలిసే రాశాడు. తిండి పెట్టడం ఆడవాళ్లు వంటింట్లో చేసే పని, చికిత్స అంటే సూదీ కత్తీ అని ఆయన నమ్మకం.

ఈ జబ్బులో తిండే మొదటి మందు అని ఎనభై ఏళ్ల కిందటే ఆనవాలు దొరికింది. 1944 చివర్లో అమెరికాలోని మినసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, యుద్ధం చేయబోమని నిరాకరించిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను తన పరిశోధనలో చేర్చుకుని, తర్వాత ఆరు నెలల పాటు అరకడుపు తిండి పెట్టి చూశాడు. లావైపోతామన్న భయం ఏమాత్రం లేని ఆ మగవాళ్లు తిండి ధ్యాసలో పడిపోయారు, కొందరు వంటల పుస్తకాలు పోగుచేయడం మొదలుపెట్టారు, పళ్లెం ముందు గంటల తరబడి కూర్చున్నారు, దిగులుతో ముడుచుకుపోయారు. రాత్రి పదకొండింటికి గుత్తివంకాయ వీడియోలు చూసి, ఆదివారం మా అందరికీ వండి వడ్డించి, తాను మాత్రం వాసన కూడా తగలనట్లు కూర్చునే మా పిల్ల గురించి ఎవరో ముందే రాసిపెట్టినట్లు అనిపించింది అది చదివినప్పుడు. ఆకలి మనసునే అలా మార్చేస్తుంటే, కడుపు నిండకుండా ఆ మనసుతో ఎన్ని మాటలు మాట్లాడితే ఏం లాభం?

మాటలంటే గుర్తుకొచ్చింది. నిజానికి ఆ ఫోను అబ్బాయి మీద నాకున్న కోపం సాయంత్రానికే సగమైంది. రెండేళ్లుగా తగ్గనిది ఇంకొకటి ఉంది. మేము మొదట తీసుకెళ్లిన కౌన్సెలరు గంటకు రెండు వేలు తీసుకుని, "అమ్మగారూ, మీరు బయట కూర్చోండి" అనేవారు. బయట ఒక సోఫా, ఒక చేపల తొట్టె. నాలుగు నెలల్లో పదహారు సార్లు ఆ చేపలను లెక్కపెట్టాను. తినమని అడగవద్దు, తల్లి అతిజోక్యమే ఈ సమస్యకు మూలం, వదిలేస్తే తనంతట తానే తింటుంది అని ఆవిడ సలహా. నేను బుద్ధిగా వదిలేశాను. పిల్ల కూడా బుద్ధిగా మానేసింది.

1874లో లండన్ వైద్యుడు విలియం గల్ ఈ జబ్బుకు అనొరెక్సియా నెర్వోసా అని పేరు పెట్టిన వ్యాసంలోనే, రోగి దగ్గర ఉండటానికి బంధుమిత్రులంత పనికిరానివాళ్లు లేరని రాశాడు. మా కౌన్సెలరు గారి చదువు అక్కడితో ఆగినట్లుంది. అదే లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో జెరాల్డ్ రసెల్ బృందం 80 మంది రోగులతో చేసి 1987లో ప్రకటించిన అధ్యయనంలో, చిన్న వయసులో మొదలై మూడేళ్లు నిండని జబ్బుకు కుటుంబాన్ని కూర్చోబెట్టి చేసే చికిత్సే, పిల్లతో విడిగా మాట్లాడటం కంటే మేలని తేలింది. 2010లో అమెరికాలో 121 మంది పిల్లలతో మళ్లీ పోల్చి చూస్తే, చికిత్స ముగిసిన ఏడాదికి పూర్తిగా కోలుకున్నవాళ్లు కుటుంబ పద్ధతిలో 49 శాతం, విడి చికిత్సలో 23 శాతం. సగం మందికే కదా అంటారేమో, ఆ సగంలో మా పిల్ల ఉండాలని నేను నాలుగు నెలలు ముందుగా మొక్కుకునేదాన్ని, ఎవరైనా చెప్పి ఉంటే.

తర్వాత దొరికిన సైకాలజిస్టు రెండో సిటింగుకు క్యారియరు కట్టుకు రమ్మన్నారు. పప్పన్నం, బంగాళదుంప వేపుడు, పెరుగు పట్టుకుని నేనూ, మావారూ, మా అత్తగారూ వెళ్లాము. పిల్ల తినాలనుకున్నదానికంటే ఒక్క ముద్ద ఎక్కువ తినేలా చేయడమే ఈ పూట పని అన్నారు ఆవిడ. చందమామను చూపించి పెట్టిన చేతులే కదా అనుకున్నాను. ఆ ఒక్క ముద్దకు గంటన్నర పట్టింది. పిల్ల పెరుగు గిన్నె గోడకేసి కొట్టింది, నన్ను అనరాని మాటలు అంది, "అది మీ అమ్మాయి కాదు, జబ్బు మాట్లాడుతోంది, మీరు ముద్ద దించకండి" అని సైకాలజిస్టు పక్కనుంచి మెల్లగా అంటూనే ఉన్నారు. చెయ్యి నొప్పి పుట్టినా దించలేదు. అలా రోజుకు ఆరు పూటలు, అయిదు నెలలు, మావారు జీతం లేని సెలవు పెట్టి మరీ చేశాము. ఇది కదా క్రియాశీలం కానిది!

పెద్దవాళ్ల సంగతి వేరు, వాళ్ల చేతికి ముద్ద అందించేవాళ్లు ఉండరు. చెన్నైలో మా పిన్ని కూతురు పద్నాలుగేళ్లు బులీమియాతో, అంటే అతిగా తినేసి వాంతి చేసుకునే జబ్బుతో వేగింది. బరువు మామూలుగానే ఉండేది కాబట్టి హాస్టల్లో గానీ, అత్తింట్లో గానీ ఎవరికీ అనుమానం రాలేదు. చిన్ననాటి ముచ్చట్లు తవ్వే చికిత్సకు రెండేళ్లు తిరిగింది కూడా. మనోవిశ్లేషణ అనే ఆ తవ్వే చికిత్సను కోపెన్‌హాగెన్‌లో 70 మంది బులీమియా రోగులతో మరో పద్ధతితో పోల్చి చూసి 2014లో ప్రకటించారు: ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన ఇరవై సిటింగుల ప్రవర్తనా చికిత్సతో అయిదు నెలలకే 42 శాతం మందికి అతితిండి, వాంతులు ఆగిపోతే, రెండేళ్ల మనోవిశ్లేషణ మొత్తం పూర్తయ్యాక కూడా ఆగినవాళ్లు 15 శాతమే. ఏం తిన్నానో, అప్పుడు ఏమనిపించిందో ఎప్పటికప్పుడు రాసుకోవడం, ఆకలి ఉన్నా లేకున్నా వేళకు తినడం, అంత సాదాగా మొదలవుతుందది. పెద్దవాళ్లకు వచ్చే అనొరెక్సియాకు మాత్రం అంత స్పష్టంగా గెలిచిన పద్ధతి లేదు. జర్మనీలో 242 మంది స్త్రీలతో మూడు రకాల చికిత్సలు పోల్చితే, చివరికి బరువు విషయంలో మూడూ ఒకటే అయ్యాయి. అందుకే చిన్నతనంలోని ఆ తొలి మూడేళ్ల మీద నాకింత పట్టింపు, అందులో నాలుగు నెలలు చేపల తొట్టె పాలయ్యాయన్న మంట.

ఇదంతా తెల్లతోలు దేశాల రోగమని మా ఆడపడుచు ఇప్పటికీ అంటుంది. 2012లో ప్రచురితమైన సర్వేలో మన బెంగళూరు మానసిక వైద్యులను అడిగితే, మూడింట రెండు వంతుల మంది అలాంటి రోగిని చూశామన్నారు. ఆవిడ మాత్రం పెళ్లిలో పిల్లను చూసి, "ఎంత నాజూగ్గా అయ్యావే, మా దానికీ చెప్పు" అంది. ఆ పొగడ్త విన్న రాత్రి పిల్ల మంచినీళ్లు కూడా తాగలేదు.

ఇక అన్నిటికంటే మండింది చెప్తాను. క్లెయిము తిరస్కరించిన గంటకే అదే కంపెనీ యాప్ నుంచి సందేశం వచ్చింది: రోజుకు పదివేల అడుగులు నడిస్తే వచ్చే ఏడాది ప్రీమియంలో రాయితీ అట. తెల్లవారుజామున నాలుగింటికి లేచి బాల్కనీలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగే పిల్లను పట్టుకొచ్చి పడుకోబెట్టిన ఇంటికి ఆ సందేశం! అంటే వాళ్ల దృష్టిలో జబ్బుకు రాయితీ ఉంది, చికిత్సకు లేదు.

మానసిక వ్యాధులకు శారీరక వ్యాధులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్‌ను, రక్తపరీక్షల కాగితాలన్నిటినీ జతచేసి ఫిర్యాదు పంపాను. నెలలోగా సరైన జవాబు రాకపోతే బీమా ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళతాను. ఆ యాప్‌ను తీసేద్దామని ఇందాక ఫోను చేతిలోకి తీసుకుంటే అది అప్పటికే లేదు. నేను ఉత్తరం రాసుకుంటున్న వేళలో మా అమ్మాయే తీసేసిందట.